పెండ్లి పరుపు కొనబోయేవారికి



మిరప కోతలు ముగిసి, గుంటూరు యార్డులో కాయ అమ్ముడుపోయి, పట్టీ చేతికి వచ్చిందంటే వెంటనే వేసవి పెండ్లిండ్లు మొదలవుతాయి. ఏ ఇంట పెండ్లి కుదిరినా బట్టల తరువాత, బీరువాకు ముందో వెనుకో, మంచము పరుపు మాట వస్తుంది. మా సంఘములో కొన్ని కుటుంబములవారు "అయ్యగారూ, మీరూ ఒకసారి కొట్టుకి రండి, మాకు మాట్లాడటం చేతకాదు" అని అడుగుతుంటారు. వారికి మాట్లాడుట చేతకాదంటే మేము నమ్మము. మేకల సంతలో, ధాన్యము కాటా దగ్గర ఈ తండ్రులే ఎంత నేర్పుగా బేరమాడతారో మేము చూచియున్నాము. ఆ అద్దాల కొట్టులో అడుగు పెట్టేసరికి వారి నోరు కట్టుబడుటకు వేరొక కారణమున్నది.

మాకు బాగా తెలిసిన ఒక కౌలు రైతు కుటుంబము కుమార్తె పెండ్లికి పరుపు కొనుటకు పట్టణము వెళ్ళింది. పన్నెండు వేల లోపు కొనవలెనని ఇంట్లో అనుకున్నారు. వియ్యపురాలు కూడా వెంట వచ్చింది. కొట్టులో కుర్రవాడు మర్యాదగా కుర్చీలు వేశాడు, చల్లని పానీయము తెప్పించాడు, పది రకాలు చూపించాడు. పన్నెండు వేల పరుపు దగ్గర తల్లి ఆగగానే అతడు గొంతు తగ్గించి, "అమ్మా, ఇది మీరు వాడుకోడానికైతే ఇస్తాను. అల్లుడుగారికి కింద రకం ఇస్తారా?" అన్నాడట. వియ్యపురాలు ఒక్క మాట కూడా అనలేదు. అనవలసిన అవసరము లేకపోయింది. ఆ మధ్యాహ్నము ముప్పై నాలుగు వేల పరుపు వాయిదాల మీద ఇంటికి వచ్చింది. ఆ వాయిదాలు కట్టలేక చిన్నవాని పాలిటెక్నిక్ ఫీజు ఒక విడత ఆగిపోయింది. "ఆ మాట అన్నాక నాకు ఇంకేం వినపడలేదయ్యగారూ" అని ఆ తల్లి తరువాత మాతో చెప్పింది.

ఆమె తెలివితక్కువది కాదు. వడ్డీ లెక్క నోటితో వేయగలదు. పరుపు గుణము మీద బేరము జరిగియుంటే గెలిచేది. బేరము ఆమె పరువు మీద జరిగింది, అదియు కాబోయే బంధువుల యెదుట. మన పల్లె కుటుంబములను కొట్టులో ఓడించేది ఈ సిగ్గే అని మా అభిప్రాయము. ఈ నెల వ్రాయుచున్నదంతా ఆ సిగ్గు చేతికి చిక్కకుండా పరుపు ఎట్లా కొనవచ్చునన్నదే.

మొదట ఒక మాట. వియ్యాలవారు అడిగి పుచ్చుకొనునది పరుపైనా అది కట్నమే. 1961 నాటి చట్టము దానిని నిషేధించింది. తలిదండ్రులు ప్రేమతో ఇచ్చుకొనుదానిని గూర్చియే మేము మాట్లాడుచున్నాము. అట్టి దానిని కొనుటకు వియ్యాలవారిని వెంటబెట్టుకొని పోవలసిన పని లేదు. రంగు వారికి నచ్చవలెనంటే గుడ్డ ముక్క తెచ్చి చూపవచ్చును.

ఇక అమ్మేవాని సంగతి. మా యౌవనస్థులలో ఒకడు రెండు సంవత్సరములు అట్టి కొట్టులో పనిచేసి మానుకున్నాడు. అతడు చెప్పిన సంగతులు విన్న తరువాత మాకు ఆ కుర్రవాళ్ళమీద కోపము పోయింది. జీతము కొంచెము, నెలకు ఇన్ని అమ్మవలెనని లెక్క, ఖరీదైనది అమ్మితే పైన కొంత. అది నెరవేరకపోతే నెలాఖరున యజమాని అందరి ముందు మాటలంటాడు. ఆ సిగ్గు తప్పించుకొనుటకే వారు మనకు సిగ్గు పుట్టిస్తారు.

"మొదట పెద్దది చూపిస్తాం అయ్యగారూ" అన్నాడతడు. "నలభై అయిదు వేలది చూసిన కంటికి ఇరవై నాలుగు వేలది చవగ్గా కనపడుద్ది. పన్నెండు వేలది లోపల గోడకి ఆనించి ఉంటది. అడిగితేగానీ తియ్యం." చీటీమీద ముప్పై వేలు అని వేసి, దానిని గీత కొట్టి పక్కన పద్దెనిమిది వేలు వ్రాస్తారు గదా, ఆ ముప్పై వేలకు తాను పనిచేసిన రెండేండ్లలో ఒక్కరికైనా అమ్మలేదట. యజమానిని అడుగుతానని ఫోను తీసి, అవతల ఎవరూ లేకుండానే "సార్, మనవాళ్ళే సార్, ఇంకో అయిదొందలు తగ్గించండి సార్" అని మాట్లాడుట కూడా నేర్పించారట. ఇది చెప్పి అతడు నవ్వాడు, మేమూ నవ్వాము గాని, ఆ అయిదు వందలకు మురిసిపోయి కొన్నవారు మన ఇండ్లలో ఎందరున్నారో!

"ఎంతలో చూడమంటారు?" అన్నది వారి మొదటి ప్రశ్న. చాలామంది నిజాయితీగా తమ దగ్గరున్న మొత్తమంతా చెప్పివేస్తారు. అబద్ధమాడవలసిన పని లేదు. "అన్ని రకాలూ రేట్లతో చెప్పు బాబూ, మాకు సరిపోయింది మేం చూసుకుంటాం" అంటే చాలును. మన జేబులో ఎంతున్నదో చెప్పే బాధ్యత మనమీద లేదు.

తరువాతది మరింత ముఖ్యము. కొనకుండా వచ్చేయవలెననుకొన్నప్పుడు కారణము చెప్పవద్దు. "డబ్బు చాలదు" అంటే వాయిదాల కాగితము ముందుకు వస్తుంది. "మా ఆయన్ని అడగాలి" అంటే "నంబరు చెప్పండమ్మా, నేను మాట్లాడతాను" అంటాడు. "రంగు బాగాలేదు" అంటే మరి నాలుగు రంగులు తీస్తాడు. మనము చెప్పిన ప్రతి కారణమునకు అతని దగ్గర జవాబు సిద్ధముగా ఉంటుంది, ఎందుకంటే మనలాటివారు వెయ్యి మంది అదే కారణము చెప్పియున్నారు. "చూశాం బాబూ, చాలా ఓపిగ్గా చూపించావు. ఇంటికెళ్ళి మాట్లాడుకుని వస్తాం" అని లేచి నిలబడవలెను. "ఏం మాట్లాడుకోవాలండి?" అని అడుగుతాడు. అదే మాట మరల చెప్పవలెను. కూర్చొని చెప్పిన మాటకును, లేచి చెప్పిన మాటకును తేడా ఉన్నది.

త్రాగిన పానీయము ఇరవై రూపాయల విలువ చేస్తుంది. మనవారు దానిని ఉప్పు తిన్న ఋణముగా భావిస్తారు. ఇంటికి వచ్చిన అతిథికి నీళ్ళిచ్చే జనము గనుక అట్లు భావించుట సహజమే. అయితే కొట్టువాడు ఆ ఖర్చు పరుపు ధరలోనే వేసుకున్నాడు. అంతకీ మనస్సు ఒప్పుకొనకపోతే "ఇప్పుడే తాగి వచ్చాం" అనవచ్చును.

మా సంఘములోనే వేరొక తల్లి కిందటి వేసవిలో పరుపు కొన్నది. ఆమె చేసినది మాకెంతో నచ్చింది. పదమూడు వేలు మాత్రము చీర కొంగున ముడివేసుకొని, మిగిలిన డబ్బును, ఆధార్ కార్డును ఇంట్లోనే పెట్టి బయలుదేరింది. ఆధార్ లేకపోతే అప్పు పుట్టదు గదా! వెంట తన చెల్లెలిని, పెండ్లికుమార్తెను తీసుకొని వెళ్ళింది. మూడు కొట్లు తిరిగి, మూడింటిలోనూ ధర చీటీలు వ్రాయించుకొని, ఏమీ కొనకుండా సాయంత్రము బస్సుకు వచ్చేసింది. మరునాడు మొదటి కొట్టుకు తిరిగి వెళితే, నిన్న చెప్పిన ధరలో పదిహేను వందలు తగ్గింది. "ఈ రోజే ఆఫరు, రేపుండదు" అన్న కొట్టు అది.

సామెతల గ్రంథము 20వ అధ్యాయములో అంగడి మోసము ఒకటి చెప్పబడింది. చిత్రమేమంటే అక్కడ మోసగాడు అమ్మేవాడు కాదు, కొనేవాడు. సరుకు బాగాలేదని పెదవి విరిచి, చవకగా పట్టుకొని పోయి, ఇంటి దగ్గర గొప్పలు చెప్పుకొనేవాడు. కనుక కొట్టు కుర్రవానిని కసురుట, చూపించినదానినల్లా చెత్త అనుట మనకు తగదు. అతడు మరొక సంఘములో మనవంటి తల్లి కన్న బిడ్డయే కావచ్చును.

వాయిదాల విషయము కొంచెము నిదానముగా చూడండి. "వడ్డీ లేదు" అని గోడమీద పెద్ద అక్షరములతో ఉంటుంది. 2013లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చిన ఉత్తరువులో సున్న వడ్డీ అనేది నిజానికి లేనే లేదని, ఆ వడ్డీ మరొక రూపములో కొనేవానిమీదనే పడుతుందని తేటగా చెప్పింది. మీరే లెక్క చూడండి. ఒక పరుపు రొక్కమిస్తే 21,500 అనుకొందాము. వాయిదాలైతే 24,000, నెలకు 2,000 చొప్పున 12 నెలలు. పైన కాగితముల ఖర్చని 700. ఆ 3,200 వడ్డీ కాక మరేమిటి? అందుచేత "రొక్కానికి ఎంత?" అని ముందుగా అడిగి, తరువాతనే వాయిదాల మాట ఎత్తండి. ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు చెప్పితే అప్పు కాగితము మీద వ్రేలిముద్ర వేసినట్టే. చదివి వినిపించే బిడ్డ పక్కన లేనిదే ఆ నంబరు చెప్పవద్దు.

ఇప్పుడు అసలు పరుపు. మన తాతల నాటి పరుపు బూరుగు దూదిది. ఎండాకాలము కాయ పగిలి దూది ఎగిరేది, దానిని ఏరి గింజ తీసి పెట్టుకొనేవారు. ఆ దూది పోగు పొట్టిది, నునుపైనది గనుక నూలు వడకుటకు పనికిరాదు. గాని తేలికైనది, నీటిలో తేలునది. పూర్వము ఓడలలో ప్రాణరక్షణకు కట్టుకొనే చొక్కాలలో కూరినది ఆ జాతి దూదియే. నూర్‌బాషా సోదరులు విల్లు భుజాన వేసుకొని ఊరూరు తిరిగి దూది ఏకి, చారల గుడ్డలో కూర్చి కుట్టేవారు. ఆ వింటినారి చప్పుడు విన్నవారు మా వయస్సు వారిలో ఇంకా ఉన్నారు. ఈనాడు పత్తి పండించే రైతు ఇంట కూడా నురుగు పరుపే! దూది పరుపు చెడ్డదేమీ కాదు. కుట్టేవారు దొరికితే దూది తూకము వేయించి, మీ కన్నుల యెదుటనే కూర్చమనండి. మిల్లులో మిగిలిన చెత్త దూది పైకి కనబడదు, గుడ్డ మూసిన తరువాత అసలే కనబడదు.

కొట్లలో ఉండేవి ముఖ్యముగా రెండు. ఒకటి కొబ్బరి పీచును రబ్బరు పాలతో అతికించి చేసినది, గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. రెండవది నురుగు, అదే ఫోము. ఫోమునకు "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అని చెబుతుంటారు. ఆ మాట విని తల ఊపేవారే గాని అదేమిటని అడిగేవారు తక్కువ. ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందో అదే డెన్సిటీ. ఇది తెలిస్తే మన చేతికి ఒక కాటా దొరికినట్లే. ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అయిదు అంగుళముల మందము గల పరుపులో సరిగ్గా పది ఘనపుటడుగుల ఫోము ఉంటుంది. అది 32 డెన్సిటీ అయితే సుమారు 9 కిలోలు, 40 అయితే 11 కిలోల పైచిలుకు తూగవలెను. పై గుడ్డ బరువు దీనికి అదనము. "40 ది" అని చెప్పినవానిని "అయితే ఒకసారి తూచు బాబూ" అనండి. ధాన్యము తూచి అమ్మేవారము, పరుపు తూచి కొనుటకు మనకు సిగ్గెందుకు? ఒక్క జాగ్రత్త. ముక్కలను జిగురుతో అతికించి చేసిన ఫోము బరువుగానే తూగుతుంది, గట్టిగా ఉంటుంది. దానికి ఈ లెక్క వర్తించదు. పై గుడ్డకు జిప్పు ఉంటే తీసి చూడండి. లోపల రంగురంగుల ముక్కలు కనబడితే అదే అది.

"ఆర్థోపెడిక్ పరుపండీ, నడుం నొప్పి పోతుంది" అంటే ఎంత గట్టిగా ఉంటే నడుముకు అంత మంచిదని మనవారు నమ్ముతారు. దీనిని వైద్యులు పరీక్షించి చూచారు. స్పెయిన్ దేశములో బహుకాలముగా నడుము నొప్పితో ఉన్న 313 మందికి, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకము పరుపు ఇచ్చి 90 దినములు గమనించారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో దాని వివరము వచ్చింది. మధ్యరకము పరుపు మీద పండుకొన్నవారే ఎక్కువ మేలు పొందారు. కాబట్టి "ఆర్థో" అనే రెండక్షరములకు అయిదు వేలు ఎక్కువ ఇవ్వవద్దు. నొప్పి ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకొనవలెను.

పరుపును పండుకొనియే చూడవలెనంటారు, చేతితో నొక్కితే తెలియదు. వెల్లకిల కొంతసేపు, ప్రక్కకు తిరిగి కొంతసేపు. అయితే నలుగురు మగవారు నిలబడియున్న కొట్టులో మన స్త్రీలు ఎట్లు పండుకొంటారు? పట్టణపు పత్రికలలో ఈ సలహా వ్రాసేవారికి ఈ ఇబ్బంది తోచదు. ఒక ఉపాయమున్నది. ఆ రకము పరుపు ఏ బంధువుల ఇంట ఉన్నదో కనుక్కొని, ఒక రాత్రి అక్కడ పండుకొని రావచ్చును. అది కుదరకపోతే కుర్రవానిని కాసేపు ఆవలికి వెళ్ళమని అడుగవచ్చును. ఇరవై వేల సరుకు అమ్మేవాడు పది నిమిషములు ఆవలికి వెళ్ళలేడా?

బయలుదేరేముందు మంచము కొలవండి. మన ఊరి వడ్రంగి చేసిన టేకు మంచము కొట్టువాని కొలతలకు సరిపోదు. వారి పరుపులు 72, 75, 78 అంగుళముల పొడవులలో ఉంటాయి, మన మంచము మధ్యలో ఎక్కడో ఉంటుంది. పట్టెల లోపలి కొలత అంగుళములలో వ్రాసుకొని పోవలెను. నవారు మంచము మీద ఫోము పరుపు వేస్తే దానితోపాటు క్రిందికి జారి గుంట పడుతుంది. మందమైన పరుపు కోరుకొనేవారు ఇంట్లో వృద్ధులున్నారా అని కూడా చూచుకొనండి. మంచము ఎత్తుకు ఎనిమిది అంగుళములు కలిస్తే అవ్వ కాళ్ళు నేలకు అందవు. తెలుగు బైబిలులో బేతెస్ద కోనేటి దగ్గర స్వస్థత పొందినవాడు ఎత్తుకొని నడిచినది కూడా పరుపే గాని, అది చుట్టి చంకన పెట్టుకొనేటంత పలుచనిదై యుండవలెను!

బిల్లు తప్పక తీసుకొనండి. "బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తా" అంటారు. బిల్లు లేకపోతే అయిదేండ్ల వారంటీ కార్డు కాగితము ముక్క. ఆ కార్డులో గుంట ఎన్ని అంగుళములు పడితే మారుస్తారో అడిగి, కొట్టు ముద్ర వేయించుకొనండి. మరక పడితే వారంటీ చెల్లదని చాలా కార్డులలో చిన్న అక్షరములతో ఉంటుంది, పసిబిడ్డలున్నవారు గమనించవలెను. పేరులో ఒక్క అక్షరము మార్చి పెద్ద కంపెనీవలె కనబడే పరుపులు కూడా ఉన్నాయి. కూడబలుక్కొని చదవండి.

2020 జూలై నుండి అమలులోనున్న వినియోగదారుల చట్టము ప్రకారము బిల్లు ఇవ్వకపోవుట అక్రమ వ్యాపారమే. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు వ్రాయకపోతే 30 దినములలోగా, వెనుకకు తీసుకొననని అనుట కూడా అంతే. మొదట 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును. అక్కడ తెగకపోతే మీరు నివసించే జిల్లా కమిషనులోనే రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు వేయవచ్చును. సరుకు ధర అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు.

కొట్టుకు వెళ్ళకపోయినా ఇంటికే వచ్చే పరుపు ఒకటున్నది, అయస్కాంతముల పరుపు. ఊరిలో ఏదో ఒక హాలు అద్దెకు తీసుకొని, వృద్ధులను కూర్చోబెట్టి, దానిమీద పండుకొంటే షుగరు, రక్తపోటు, పక్షవాతము తగ్గుతాయని చెబుతారు. ధర వేలలో కాదు, లక్ష దాటినా ఆశ్చర్యము లేదు. మరి నలుగురిని చేర్పిస్తే డబ్బు తిరిగి వస్తుందని కూడా అంటారు. పరుపులలో పెట్టే అయస్కాంతములు నొప్పిని తగ్గిస్తాయని పరీక్షలలో ఋజువు కాలేదు. ఈ జబ్బులను నయము చేస్తామని ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించింది. మధుమేహము, రక్తపోటు, పక్షవాతము ఆ పట్టికలో పేర్లతో సహా ఉన్నాయి. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారికైతే అయస్కాంతము దగ్గరకు రానిచ్చుటే ప్రమాదము. అట్టి కూటములకు సంఘపు హాలు ఇవ్వవద్దని పెద్దలకు మా మనవి. పాస్టరుగారి మందిరములో చెప్పారంటే వృద్ధులు దానిని నిజమని నమ్ముతారు. షుగరు మాత్రలు మానివేసి పరుపును నమ్ముకొన్నవారి ప్రాణమునకే ముప్పు.

ఇంట్లో పాత దూది పరుపున్నవారు దానిని పారవేయనక్కరలేదు. గుడ్డ విప్పి, దూది ఎండబెట్టి, మరల ఏకించి క్రొత్త గుడ్డలో కుట్టిస్తే మంచి పరుపు అవుతుంది. రెండు పరుపుల దూది ఒకదానికి సరిపోతుంది, తగ్గినది దిండ్లకు వస్తుంది. దూది పరుపును ఎండలో వేయండి గాని ఫోము పరుపును, రబ్బరు పరుపును వేయవద్దు, ఎండకు అవి పెళుసెక్కి రాలిపోతాయి, నీడలో గాలికి ఆరబెడితే చాలు. దూది ఏకించుకొనేవారు జూన్ వానలు పడకముందే ఆ పని ముగించుకొనండి, చెమ్మ పట్టిన దూది ఎంత ఏకినా విచ్చుకోదు.